మంగు ఆమెది... లివర్ సమస్య ఆయనది

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. ఓపీలో నా ఎదురుగా కూర్చోగానే సంచిలోంచి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. ‘లివర్ శుద్ధి చూర్ణం’ అని పెద్ద అక్షరాలు. ‘రెండు నెలల నుంచి వాడుతున్నాను సార్. మంగు తగ్గుతుందన్నారు. మంగు తగ్గలేదు గానీ పది రోజుల నుంచి ఆకలి లేదు, ఒకటే వికారం’ అన్నారు. బుగ్గల మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. వాటికంటే స్పష్టంగా కనిపించింది కళ్లలోని పసుపు.

రక్తపరీక్ష చేయిస్తే బిలిరుబిన్ 7.8 ఉంది. అది 1 దగ్గర ఉండాలి. ఎస్‌జీపీటీ 940. సాధారణంగా 40 లోపు ఉండేది. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలన్నీ నెగెటివ్. స్కానింగ్‌లో రాళ్లు లేవు, అడ్డంకి లేదు. అంటే లివర్‌ను బాగుచేసుకుందామని తిన్న పొడే లివర్‌ను దెబ్బతీసి ఉండొచ్చన్న అనుమానం బలపడింది.

ఇంతలో పక్కన నిలబడి ఉన్న ఆమె భర్త రిపోర్టు చూద్దామని ముందుకు వంగారు. నలభై ఆరేళ్ల మనిషి. ఆయన నుదురు, కణతలు, మెడ చుట్టూ నల్లగా, కాస్త మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉన్నాయి. బెల్టు మీదుగా పొట్ట దిగి ఉంది. ‘మీరెప్పుడైనా పరీక్షలు చేయించుకున్నారా?’ అని అడిగాను. ‘నాకేమైంది సార్, నేను బాగానే ఉన్నాను’ అన్నారు.

ఈ దంపతుల గురించి చెప్పడానికి కారణం ఉంది. ముఖం చూసి లివర్ గురించి తెలుసుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొంతవరకు తెలుసుకోవచ్చు. కాకపోతే మనం భయపడే మచ్చ ఒకటి, భయపడాల్సిన నలుపు ఇంకొకటి.

మంగుకు, లివర్‌కు చుట్టరికం లేదు

మంగు మచ్చలు కనిపించగానే ‘లోపల వేడి చేసింది’, ‘లివర్ పాడైంది’, ‘గర్భసంచి బాగోలేదు’ అని తలో మాట అంటారు. ‘మంగుశని’ అని భయపెట్టే వాళ్లూ ఉన్నారు. లివర్ మాట మనవాళ్లు ఒక్కరే అనలేదు. వయసు మళ్లిన వారి చేతుల మీద, ముఖం మీద వచ్చే గోధుమ మచ్చలను ఇంగ్లిషులో ఇప్పటికీ ‘లివర్ స్పాట్స్’ అంటారు. ఆ మచ్చలకూ లివర్‌కూ సంబంధం లేదని తేలి చాలాకాలమైంది, పేరు మాత్రం మిగిలిపోయింది.

మంగు మీద జరిగిన పరిశోధనలు వేలెత్తి చూపేవి ప్రధానంగా మూడు: ఎండ, హార్మోన్లు, వంశం. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు చర్మంలోని రంగు కణాలు ఎండకు మరీ ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే ఎండ ఎక్కువగా తగిలే బుగ్గ ఎముకలు, ముక్కు, నుదురు, పై పెదవి మీదే మంగు వస్తుంది. ఒకవేళ ఏదైనా రక్తపరీక్ష చేయించాలనుకుంటే లివర్ కంటే థైరాయిడ్ పరీక్షకు అర్థం ఉంది. మంగు ఉన్న స్త్రీలలో థైరాయిడ్ సమస్యలు ఎక్కువగా కనిపిస్తున్నాయని 1985లోనే ఒక అధ్యయనం ప్రచురితమైంది.

ఇంకో సంగతి. మనలాంటి చామనఛాయ చర్మంలో అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది. అందుకే మామూలు సన్‌స్క్రీన్ కంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత గోధుమరంగులో ఉండే సన్‌స్క్రీన్ ఎక్కువ పనిచేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా చూసుకోండి. పొద్దున ఒకసారి రాసి ఊరుకుంటే చాలదు. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. గర్భంతో వచ్చిన మంగు చాలామందిలో కాన్పయ్యాక కొన్ని నెలలకు దానంతట అదే తేలికపడుతుంది. మిగతావారిలో తగ్గడానికి నెలలు పడుతుంది, ఎండలో తిరిగితే తిరగబెడుతుంది. ఈ ఓపిక లేకపోవడమే మనల్ని చూర్ణాల దగ్గరికి, క్రీముల దగ్గరికి తీసుకెళ్తోంది.

క్రీముల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మందుల షాపులో అడిగితే ఇచ్చే ‘తెల్లబడే క్రీము’ల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండు వారాలు ముఖం మెరిసిపోతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చి, క్రీము ఆపితే మంట పుట్టే పరిస్థితి వస్తుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. పాదరసం కలిసిన క్రీముల వల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో వరుసగా బయటపడ్డాయి. మంగుకు వాడే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు పనిచేస్తాయి, నిజమే. అయితే అవి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే మందులు. పక్కింటావిడకు రాసిన చీటీతో మీరు కొనుక్కోకూడదు.

ఇక కళ్ల కింద నల్లటి వలయాలు, మామూలు మొటిమలు... వీటికీ లివర్‌కూ సంబంధం లేదు. మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలతో మాత్రం కొందరిలో లివర్ ఎంజైములు, కొవ్వులు పెరుగుతాయి. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు, మొదలుపెట్టాక రెండు నెలలలోపు ఒకసారి రక్తపరీక్ష చేయిస్తాం. గర్భిణులు, గర్భం దాల్చాలనుకునేవారు ఆ మాత్ర జోలికి పోనే కూడదు.

డబ్బాలో ఏముంది?

ఆమె తెచ్చిన డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పదకొండు మూలికల పేర్లు ఉన్నాయి. అందులో తిప్పతీగ ఒకటి. కరోనా రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్నారు కదా, అదే. ఉత్తరాదిలో గిలోయ్ అంటారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి ఇలాంటి 43 కేసులను క్రోడీకరించిన అధ్యయనం వచ్చింది. అందులో హైదరాబాద్ లివర్ నిపుణులు ముఖ్యపాత్ర పోషించారు. వీరిలో చాలామందికి శరీరం తన లివర్ మీద తానే దాడి చేసుకునే తరహా హెపటైటిస్ కనిపించింది. అప్పటికే థైరాయిడ్ లాంటి ఆటో ఇమ్యూన్ సమస్యలున్న వారికి ముప్పు ఎక్కువని కూడా తేలింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ మాత్రం ఈ నిందను ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేనని ప్రకటన ఇచ్చింది.

మా పేషెంటు విషయంలో తిప్పతీగే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. మిగతా పది మూలికల్లో ఏదైనా కావచ్చు, డబ్బా మీద రాయని పదార్థం కావచ్చు. ఇలాంటి పొడుల్లో ఉన్న చిక్కే అది. ఏది ఎంత ఉందో తినేవాడికీ తెలియదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చూసే డాక్టరుకూ తెలియదు. అలాగని ఇంగ్లిషు మందులన్నీ లివర్‌కు మంచివని నేను అనడం లేదు. టీబీ మాత్రలు, మోతాదు మించిన పారాసిటమాల్ లివర్‌ను ఎలా కాల్చేస్తాయో వార్డులో చూస్తూనే ఉంటాం. వాటికి మోతాదు తెలుసు, ఎప్పుడు పరీక్ష చేయాలో తెలుసు. అంతే తేడా.

వంటింటి పసుపు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి, లేకపోతే రేపటి నుంచి పప్పులో పసుపు మానేస్తారు. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఏ భయమూ లేదు. మిరియాల సారం కలిపి, ఒంట్లోకి ఎక్కువగా ఇంకేలా తయారుచేసే పసుపు మాత్రలతోనే కొందరిలో లివర్ దెబ్బతింది. 2022లో అమెరికా పరిశోధకులు ఇలాంటి పది కేసులను వివరించారు.

అసలు లివర్‌ను కడగాల్సిన పనే లేదు. ఒంట్లోకి వచ్చిన విషాలను విరిచేసి బయటికి పంపే పని చేసేది లివరే. దానికి ఇంకొకరు వచ్చి శుద్ధి చేయాలనడం చాకలి రేవును ఉతకడం లాంటిది.

ఆయన నుదుటి మీద నలుపు

ఇప్పుడు భర్త దగ్గరికి వద్దాం. ఆయన ముఖం మీదున్నది మంగు కాదు. దాని పేరు అకాంతోసిస్ నైగ్రికాన్స్. పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, రూపం గుర్తుంటే చాలు.

మంగు చదునుగా ఉంటుంది. వేలితో తడిమితే చర్మం మామూలుగానే ఉంటుంది, రంగు మాత్రమే తేడా. ఎక్కువగా స్త్రీలలో, ముఖం మధ్యభాగంలో, బుగ్గల మీద వస్తుంది. ఇది అలా కాదు. కణతల మీద, నుదుటి పక్కలా, బుగ్గ ఎముకల బయటివైపు, కొందరిలో నోటి చుట్టూ వస్తుంది. తడిమితే కాస్త గరుకుగా, మందంగా తగులుతుంది. అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు, మెల్లగా కలిసిపోతుంది. ముఖం మీద అనుమానం వస్తే మెడ వెనక చూడండి, చంకల్లో చూడండి. అక్కడా అదే నలుపు, గీతలు గీతలుగా మందమైన చర్మం, పక్కన చిన్న చిన్న పులిపిర్లలాంటి తోలు తిత్తులు ఉంటే అనుమానం తీరినట్టే.

‘హెల్మెట్ ఒరుసుకుని నల్లబడింది’, ‘ఎండలో తిరిగే ఉద్యోగం’, ‘ఒళ్లు సరిగ్గా రుద్దుకోడు’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు. పిల్లల మెడను శనగపిండితో, స్పాంజితో ఎర్రగా అయ్యేదాకా రుద్దే తల్లులను చూశాను. అది మట్టి కాదమ్మా, రుద్దితే పోదు. రంగు పెరగడం కంటే చర్మం పైపొర మందమవడమే ఇక్కడ ఎక్కువ. కాబట్టి తెల్లబరిచే క్రీములూ పనిచేయవు.

ఎందుకు మందమవుతుంది? మనం తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తే, దాన్ని కణాల్లోకి పంపే తాళంచెవి ఇన్సులిన్. పొట్టచుట్టూ కొవ్వు పేరుకున్నప్పుడు కండరాలు, లివర్ ఆ తాళానికి సరిగ్గా తెరుచుకోవు. అప్పుడు క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్ వదులుతుంది. షుగర్ ఇంకా నార్మల్‌గానే కనిపిస్తున్నా రక్తంలో ఇన్సులిన్ మాత్రం ఏళ్ల తరబడి పొంగుతూ ఉంటుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను ‘పెరగండి, పెరగండి’ అని పురిగొల్పుతుంది. చర్మం మందమవుతుంది. అదే ఇన్సులిన్ లివర్‌లో కొవ్వు తయారీని పెంచుతుంది. బయట మెడ నలుపు, లోపల లివర్‌లో కొవ్వు... రెండింటికీ మూలం ఒకటే.

ముఖం మీద వచ్చే ఈ నలుపుపై మన దేశంలోనే మంచి పరిశోధన జరిగింది. 2017లో కోల్‌కతా చర్మవైద్యులు ఇండియన్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ప్రచురించిన అధ్యయనంలో, దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్‌కు కంటికి కనిపించే గుర్తుగా చూడాలని చెప్పారు. మెటబాలిక్ సిండ్రోమ్ అంటే పెద్ద నడుము, ఎక్కువ బీపీ, ఎక్కువ షుగర్, అదుపు తప్పిన కొవ్వులు ఒకే మనిషిలో గుమిగూడటం. ఫ్యాటీ లివర్ వచ్చేది ఎక్కువగా ఈ గుంపు ఉన్నవారికే.

నుదురు నల్లబడ్డ ప్రతి ఒక్కరికీ ఫ్యాటీ లివర్ ఉంటుందని కాదు. ఫ్యాటీ లివర్ ఉన్న అందరికీ నుదురు నల్లబడదు కూడా. పరీక్ష చేయించుకోవడానికి అది చాలినంత కారణం, అంతవరకే. ఒక హెచ్చరిక మాత్రం మరవకండి. సన్నగా ఉన్న, వయసు మళ్లిన మనిషికి ఈ నలుపు కొద్ది నెలల్లోనే హఠాత్తుగా ఒళ్లంతా పాకి, బరువు కూడా తగ్గుతుంటే, కడుపులో క్యాన్సర్ లాంటిది దాగి ఉండొచ్చు. అరుదే, కానీ ఆలస్యం చేయకూడనిది.

‘నాకు మందు అలవాటే లేదు కదా?’

ఆయన వేసిన మొదటి ప్రశ్న ఇదే. చాలామంది వేసే ప్రశ్న కూడా. మద్యం తాగని వారిలో ఫ్యాటీ లివర్ మీద దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2022లో ఎయిమ్స్ వైద్యులు లెక్క తీస్తే పెద్దల్లో 38.6 శాతం మందికి, పిల్లల్లో 35.4 శాతం మందికి ఉందని తేలింది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలోనైతే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు కనిపించింది. రోజంతా కుర్చీలో కూర్చోవడం, రాత్రి నిద్ర లేకపోవడం, వేళాపాళా లేని తిండి ఎవరికి ఉన్నా ఫలితం అదే. ఇది ఐటీ వాళ్ల రోగమేమీ కాదు. మా ఓపీకి వచ్చే ఆటోడ్రైవర్లలో, దుకాణదారుల్లో, టీచర్లలో, చెప్పాలంటే మా డాక్టర్లలోనూ రోజూ చూస్తున్నాను.

దీనికి పేరు కూడా మారింది. ‘ఆల్కహాల్ వల్ల రాని ఫ్యాటీ లివర్’ అన్న పాత పేరును 2023లో పక్కన పెట్టి, జీవక్రియల లోపంతో వచ్చేది అని అర్థం వచ్చేలా కొత్త పేరు పెట్టారు. లివర్‌లో కొవ్వు ఉన్నవాళ్లందరికీ ముప్పు ఒకేలా ఉండదు. చాలామందిలో అది కొవ్వుగానే ఉండిపోతుంది. కొందరిలో వాపు వచ్చి, మచ్చ కట్టి, గట్టిపడి, చివరికి సిరోసిస్ దాకా పోతుంది. నొప్పి ఉండదు. అందుకే ఎవరిలో గట్టిపడుతోందో కనిపెట్టడమే అసలు పని.

దీనికి ఖరీదైన ప్యాకేజీలు అక్కర్లేదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు అనే మూడు అంకెలు, మీ వయసు ఉంటే ‘ఫిబ్-4’ అనే స్కోరు కట్టొచ్చు. వయసును ఎస్‌జీఓటీతో హెచ్చవేయండి. వచ్చినదాన్ని, ప్లేట్‌లెట్లు (వేలల్లో) ఇంటూ ఎస్‌జీపీటీ వర్గమూలంతో భాగించండి. ఆయన అంకెలు ఇవి: వయసు 46, ఎస్‌జీఓటీ 58, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1 లక్షా 60 వేలు, అంటే 160. 46ను 58తో గుణిస్తే 2668. 64 వర్గమూలం 8, దాన్ని 160తో గుణిస్తే 1280. భాగిస్తే 2.08. 1.3 కంటే తక్కువైతే లివర్ గట్టిపడే ముప్పు తక్కువని అర్థం. 2.67 దాటితే గట్టిగా అనుమానించాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయాలి. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క సరిగ్గా పనిచేయదు. 65 దాటిన వారికి 1.3 బదులు 2 చూస్తాం.

ఆయన ఫైబ్రోస్కాన్‌లో 9.1 వచ్చింది. 8 లోపు ఉంటే నిశ్చింతగా ఉండేవాళ్లం. పరగడుపు షుగర్ 138. బరువు 88 కిలోలు, నడుము 106 సెంటీమీటర్లు. భార్యకు పరీక్షలు చేయించడానికి వచ్చిన మనిషి షుగర్ పేషెంటుగా, లివర్ పేషెంటుగా ఇంటికి వెళ్లారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ‘ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ వచ్చింది, లివర్ బాగానే ఉంది’ అనుకోవద్దు. మచ్చ కట్టిన లివర్ ఉన్నవారిలోనూ ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండొచ్చు. మగవారి నడుము 90, ఆడవారి నడుము 80 సెంటీమీటర్లు దాటితే, షుగర్ ఉంటే, మెడ నల్లబడితే ఈ లెక్క ఒకసారి కట్టించుకోండి. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్‌ను కూడా బీపీ, షుగర్‌లతో పాటు జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో అడగడానికి మొహమాటపడకండి.

పసుపు రాసిన ముఖంలో కామెర్లు

లివర్ నిజంగా ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ముఖం చెప్పే మొదటి మాట కళ్లలో ఉంటుంది. మన చర్మం రంగులో పసుపు ఛాయ పట్టుకోవడం కష్టం. పైగా పసుపు రాసుకునే అలవాటున్న ముఖాల్లో మరీ కష్టం. కంటి తెల్లగుడ్డు ఒక్కటే నమ్మదగ్గది. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర నిలబెట్టి, కిందికి చూడమని పైరెప్పను ఎత్తి చూడండి. రాత్రి లైటు కింద చూసి ‘ఏమీ లేదు’ అనుకోకండి. బిలిరుబిన్ 2.5 నుంచి 3 దాకా పెరిగితే గానీ కంటికి ఆనదు. క్యారెట్లు, బొప్పాయి అదే పనిగా తిన్నవారికి అరచేతులు పసుపుపచ్చగా అవుతాయి, కళ్లు మాత్రం తెల్లగానే ఉంటాయి. అది కామెర్లు కాదు. ఉపవాసం ఉన్నప్పుడల్లా కళ్లు కాస్త పచ్చబడి, మిగతా పరీక్షలన్నీ నార్మల్‌గా ఉండేవారూ ఉంటారు. గిల్బర్ట్ అనే ఈ తత్వం పుట్టుకతో వచ్చేది, హాని చేయదు.

మూత్రం ముదురు పసుపు రంగులో రావడానికి లివర్ జబ్బు ఒక కారణం కావొచ్చు, అదొక్కటే చూసి లివర్ జబ్బని తేల్చుకోకూడదు. మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురదపెడుతుంటే పిత్తనాళంలో అడ్డంకి అనుకోవాలి. పసరు పోయించడం, చేతికి వాతలు పెట్టించడం ఇంకా ఆగలేదు. మామూలు వైరల్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పేరు పసరుకు వస్తోంది. తగ్గని ఆ కొద్దిమందే చివరి గంటల్లో మా దగ్గరికి వస్తారు. కామెర్లున్న మనిషి పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడుతున్నా, పేర్లు తప్పు చెబుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారనివ్వకండి.

నిండుగా కనిపించే బుగ్గలు

రోజూ తాగే మనిషి ముఖం గురించి కుటుంబాలు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి తాగేవారిలో చెవి కింద ఉండే లాలాజల గ్రంథులు ఉబ్బుతాయి. దాంతో బుగ్గలు నిండుగా, ముఖం గుండ్రంగా కనిపిస్తుంది. ‘తాగినా తిండి బాగానే తింటాడు, చూడండి ముఖం ఎలా ఉందో’ అంటారు. ఒక్కసారి కణతలు చూడండి. అక్కడ కండ కరిగి గుంట పడి ఉంటుంది. భుజాలు సన్నబడి, పొట్ట పెరిగి ఉంటుంది. ఆ పొట్ట కొవ్వు కాదు, నీరు కావొచ్చు. నిండు బుగ్గలు, గుంట పడ్డ కణతలు ఒకే ముఖంలో కనిపిస్తే లివర్ చాలా దూరం ప్రయాణించిందని అర్థం.

పుస్తకాల్లో రాసే ఇంకో గుర్తు సాలెపురుగు ఆకారపు ఎర్రటి రక్తనాళాలు. మధ్యలో ఎర్రచుక్క, చుట్టూ కాళ్లలా సన్నటి గీతలు. నొక్కితే మాయమై, వదిలితే మధ్య నుంచి మళ్లీ నిండుతాయి. ముఖం, మెడ, ఛాతీ పైభాగంలో వస్తాయి. ఒకటో రెండో ఆరోగ్యవంతుల్లోనూ, గర్భిణుల్లోనూ ఉంటాయి. ఐదు దాటితే లివర్ చూడాలి. మన రంగు చర్మంలో ఇవి సరిగ్గా కనిపించవు. కాబట్టి లేవని ధైర్యపడకూడదు.

కనురెప్పల మీద, ముక్కు వైపు వచ్చే పసుపు పొరలను కూడా లివర్ ఖాతాలో వేస్తుంటారు. అవి కొవ్వు పొరలు. లివర్ కంటే గుండె గురించి ఎక్కువ చెబుతాయి. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో 12,745 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2011లో వచ్చింది. కొలెస్టరాల్ ఎంతున్నా సరే, ఈ పొరలున్న వారిలో గుండెపోటు ఎక్కువగా వచ్చింది. కాబట్టి అవి కనిపిస్తే కొలెస్టరాల్, బీపీ, షుగర్ చూపించుకోండి. నడివయసు స్త్రీకి వీటితో పాటు నెలల తరబడి ఒళ్లు దురదగా ఉంటే మాత్రం లివర్‌లోని సన్నటి పిత్తనాళాల జబ్బు కోసం కూడా పరీక్ష చేయాలి.

తర్వాత

ఆమె చేత చూర్ణం ఆపించాం. వారం రోజులు వార్డులో ఉంచుకుని రక్తం గడ్డకట్టే పరీక్ష రోజూ చూశాం. అది చెడకపోవడం ఆమె అదృష్టం. పది వారాలకు ఎంజైములు నార్మల్‌కు వచ్చాయి. మళ్లీ ఏ మూలికల పొడీ ముట్టకూడదని చీటీ మీద ఎర్ర సిరాతో రాసిచ్చాను.

ఆయనకు నేను రాసిన ముఖ్యమైన మందు బరువు తగ్గడం. క్యూబాలో 293 మందిని ఏడాది పాటు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. పది శాతం, ఆపైన బరువు తగ్గిన వారిలో పదింట తొమ్మిది మందికి లివర్ వాపు పోయింది, దాదాపు సగం మందికి మచ్చ కూడా తగ్గింది. ఐదు శాతం తగ్గినా కొవ్వు కరుగుతుంది. మచ్చ దాకా పోవాలంటే పది కావాలి. ఆయనకైతే దాదాపు తొమ్మిది కిలోలు.

రెండు పూటలా పళ్లెం నిండా అన్నం తినే మనిషి. ఒక పూట అన్నం సగం చేసి, ఆ సగంలో పప్పు, కూర పెట్టుకోమన్నాను. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. పళ్ల రసాలు, కూల్‌డ్రింకులు, టీలో చక్కెర బంద్. పళ్లు తినొచ్చు, తాగకూడదు. రోజూ నలభై ఐదు నిమిషాల నడక, వారానికి రెండు రోజులు ఇంట్లోనే గుంజీలు, బరువులు. షుగర్‌కు మాత్రలు రాశాను. ‘లివర్‌కు టానిక్ ఏదైనా?’ అని అడిగారు. భార్య ఆయన వైపు చూసిన చూపుకు నేను జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది.

మధ్యలో రెండు నెలలు ఊళ్లో పెళ్లిళ్లని నడక మానేశారు, మూడు కిలోలు తిరిగి వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టారు. పదకొండో నెలకు 80 కిలోలకు దిగారు. ఎస్‌జీఓటీ 34, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 175. ఫిబ్-4 స్కోరు 1.52. ఇంకా 1.3 కిందికి రాలేదు. ఫైబ్రోస్కాన్ మళ్లీ వచ్చే ఏడాది చేస్తాం. కణతల మీద నలుపు మాత్రం తేలికపడిందని ఆయన కంటే ముందు ఆయన దుకాణంలో కుర్రాడు గమనించాడట.

ఆమె ఇప్పుడు గోధుమరంగు సన్‌స్క్రీన్, గొడుగు వాడుతున్నారు. థైరాయిడ్ పరీక్షలో తేడా ఉంటే దానికీ మందు మొదలుపెట్టాం. మంగు సగం తగ్గింది. మిగతా సగం ఎప్పుడు పోతుందని పోయిన వారం అడిగారు. ఈ వేసవి గడవనివ్వండి అన్నాను.